‘వాళ్ళంతా అంతే’ అనే మాట

నిరుడు శీతాకాలంలో ఒక సాయంకాలం సూరత్ నుండి ఉత్తరంగా వెళ్ళే ప్యాసింజరు బండి ఎక్కాను. కిమ్‌లో ఒక బంధువు ఇంట గృహప్రవేశం. ముంబయి, అహమ్మదాబాదుల నడుమ సాగే రైలుమార్గంలో సూరత్ దాటిన తరువాత సాయణ్, ఆ పైన కిమ్. ఊరు చిన్నదే. అయితే ఒక వంక మరమగ్గాల షెడ్లు, కర్మాగారాలు. మరొక వంక చెరకు తోటలు. పొట్ట చేతబట్టుకొని దేశం నలుమూలల నుండి వచ్చినవారు అక్కడ ఎన్నో భాషలలో బ్రతుకు వెళ్ళదీస్తున్నారు. వారిలో మన తెలంగాణం నుండి వెళ్ళిన నేతపనివారు కూడా ఉన్నారు.

బండిలో నా ఎదుట అరవై దాటిన పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. ఫోనులో మాట్లాడుతున్న తెలుగు విని పలకరించాను. సిరిసిల్ల దగ్గరి పల్లె ఆయనది. ‘సిరిసిల్ల’ అన్న మాట వినగానే ఈయన పద్మశాలి, సాంచాల పని చేస్తాడు అని మనస్సులో వ్రాసుకున్నాను. నా ఊహ నిజమే అయింది. అయినా ఆయన చెప్పక పూర్వమే నేను తీర్మానించుకున్నానన్న సంగతి ఇక్కడే ఒప్పుకోవడం మంచిది. తరువాత దానితో పని ఉన్నది.

ఇంతలో ఒక యువకుడు మూటతో వచ్చి మా ప్రక్కన ఒదిగి కూర్చున్నాడు. ఎవరితోనో ఒడియా భాషలో మాట్లాడుతున్నాడు. పెద్దాయన గొంతు తగ్గించి, “జర మీ సంచి ఇటు జరుపుకోండ్రి సారూ. గీళ్ళను నమ్మరాదు. వాళ్ళంత గంతే” అన్నాడు. నేను సంచి జరుపుకున్నాను. ఎందుకు జరిపానో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. బహుశా పెద్దవాడు చెప్పాడని కావచ్చు. ఆ యువకునికి తెలుగు రాదు. కాని సంచి జరగడం ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. అతడు కిటికీ వైపు ముఖం త్రిప్పుకున్నాడు.

తరువాత మాటలు 1994 మీదికి పోయాయి.

ఆ సంవత్సరం సెప్టెంబరు మూడవ వారంలో సూరత్‌లో ప్లేగు అన్న వార్త పొక్కింది. అంతకు ముందు నెలలోనే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించింది. సూరత్‌లో వచ్చినది ఊపిరితిత్తులకు సోకే రకమన్నారు. మొదట నీటిలో ఎవరో విషం కలిపారని వదంతి లేచింది; ఆ వెనుక ప్లేగు పేరు వినబడింది. కొద్ది దినాలలోనే లక్షల సంఖ్యలో జనం నగరం విడిచిపోయారు. ఎందరో ప్రైవేటు వైద్యులు సయితం ఆసుపత్రులకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ దొరకలేదు. విదేశాలు కొన్ని భారతదేశానికి విమానాలు ఆపివేశాయి. ఇంతా చేసి, లెక్కలు తేలిన తరువాత మరణాలు యాభైకి పైచిలుకు మాత్రమే. ప్రాణనష్టం ఎంతైనా నష్టమే. అయితే రోగం కంటె భయం ఎన్నో రెట్లు వేగంగా ప్రయాణించిందన్నది స్పష్టం.

పెద్దాయన కథ ఆయన మాటలలోనే చెబుతాను. “గప్పుడు మా పెద్దోడు మూడేండ్ల పిలగాడు సారూ. దొరికిన బండెక్కి ఊరికి పోయినం. ఊరోళ్ళు పొలిమేర్లనే ఆపిండ్రు. ఇంట్లకు రానియ్యలే. చేనుకాడ కొట్టంల వారం దినాలు ఉన్నం. మా అమ్మ బువ్వ తెచ్చి ఇంత దూరంల పెట్టి పోయేది. పిలగాడు నానమ్మా అని ఉరికితే, వద్దు బిడ్డా అనుకుంట ఎనక్కు జరిగేది. తిరిగి సూరత్ పోతే గక్కడ ఇంకో తీరు. మీ అసొంటోళ్ళు వచ్చి మురికి చేయబట్టే రోగమొచ్చిందన్నరు. ఇల్లు కిరాయికియ్యలే.”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ప్రక్కన ఒడియా యువకుడు కిటికీలోనుండి చూస్తూనే ఉన్నాడు. పది నిమిషాల క్రితం తాను అన్న మాటకూ, ముప్పది ఏండ్ల నాడు తనను తాకిన మాటకూ చుట్టరికం ఉన్నదని పెద్దాయనకు తోచలేదు. నాకు తోచింది గాని, ఆ కన్నీటి ముందు చెప్పబుద్ధి పుట్టలేదు.

ఈ శీర్షిక చదివే పాఠకులు తరచుగా వ్రాసే ప్రశ్న ఒకటున్నది: ఇట్టి ద్వేషం మనస్సుకు వచ్చే జబ్బా? జబ్బయితే దానికి మందున్నదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే మనుషులను రకాలుగా విభజించే అలవాటు ఎక్కడ నుండి వచ్చిందో కొంచెం చూడాలి.

ఆ అలవాటు పురాతనమైనది. గ్రీకు వైద్యులు శరీరంలోని నాలుగు ద్రవాలను బట్టి నాలుగు స్వభావాలు చెప్పారు. మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులను చెప్పింది. ‘వాడిది పైత్య ప్రకృతి’ అని మన పెద్దలు ఇప్పటికీ అంటారు. స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో ప్రచురించిన గ్రంథంలో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన చేశాడు. ఆ రెండు మాటలు నేడు పెళ్ళిచూపుల సంభాషణలలోనికి కూడా వచ్చేశాయి. అయితే తరువాతి పరిశోధకులు కొలిచి చూడగా, మనుషులు రెండు గదులలో విడివిడిగా కూర్చోలేదని తేలింది. ఎత్తు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మిక్కిలి పొడగరులు కొందరు, మిక్కిలి పొట్టివారు కొందరు, ఎక్కువమంది నడుమ. ఇంట్లో నోరు మెదపని కుర్రవాడు క్రికెట్ మైదానంలో గొంతు చించుకొని అరవడం మనం చూడమా?

మూర్తిమత్వ రుగ్మత అన్నది మరొక విషయం. మూర్తిమత్వంలోని ఒక ధోరణి యౌవనం నాటికే గట్టిపడి, ఇంటా బయటా అన్ని సందర్భాలలోనూ వంగకుండా నిలిచి, ఆ మనిషికో చుట్టుప్రక్కలవారికో దీర్ఘకాలం బాధ కలిగిస్తూ, బ్రతుకుతెరువునూ బాంధవ్యాలనూ చెడగొడుతున్నప్పుడు మాత్రమే వైద్యులు ఆ పేరు పెడతారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో వెలువరించిన తన మూడవ వర్గీకరణ గ్రంథంలో వీటికి ప్రత్యేకమైన స్థానం కల్పించింది. 2013 నాటి అయిదవ గ్రంథంలో ఇలాంటివి పది ఉన్నాయి. ఎవరినీ నమ్మలేని అనుమానపు ధోరణి, ఇతరుల హక్కులను లెక్కచేయని ధోరణి, తానే గొప్ప అనే ధోరణి, ఒకరిని ఆనుకోకుండా నిలువలేని ధోరణి ఈ కోవలోనివి. తమాషా ఏమంటే, 2022 నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఈ రకాలను చాలవరకు వదలిపెట్టి, తీవ్రత ఎంత అన్నదానికే ప్రాధాన్యమిచ్చింది. ఒకే రోగికి ముగ్గురు వైద్యులు మూడు రకాల పేర్లు పెట్టడం చూచి విసిగిన శాస్త్రం చేసిన పని అది. మనుషులను మూసలలో పోయడంలో నిపుణులే వెనుకంజ వేస్తున్నారు. మన ఇండ్లలో మాత్రం అత్తగారి మీదా అల్లుడి మీదా కోపం వస్తే ‘సైకో’ అనే బిరుదు సిద్ధంగా ఉంటుంది.

ఇక ఆ పదింటిలో పూర్వాగ్రహం లేదు. అంటే, తెలుసుకోకముందే ఒక జనసమూహం మీద ఏర్పరచుకొనే వ్యతిరేక భావానికి రోగాల జాబితాలో చోటు లేదు. చేర్చాలని అడిగినవారు లేకపోలేదు. 1960ల చివరిలో అమెరికాలోని నల్లజాతి మనోవైద్యులు కొందరు తీవ్రమైన జాతిద్వేషాన్ని మానసిక రుగ్మతగా గుర్తించాలని కోరారు. సంఘం ఒప్పుకోలేదు. ఇంత విస్తారంగా ఉన్నదానిని రోగమనడం ఎలాగన్నది వారికి తోచిన ఇబ్బంది. ఆ జవాబు వినడానికి చేదుగా ఉంటుంది. నా మట్టుకు నాకు అది ఒక విధంగా సరైనదే అనిపిస్తుంది. రోగమని పేరు పెడితే మిగిలినవారమంతా ఆరోగ్యవంతులమని నిశ్చింతగా నిద్రపోతాము.

ద్వేషానికి ప్రత్యేకమైన మనిషిరకం ఒకటి ఉంటుందని నమ్మి గట్టిగా పరిశోధించినవారు అడోర్నో, ఆయన సహచరులు. హిట్లర్ మారణహోమం తరువాత 1950లో వారు ప్రచురించిన గ్రంథం ‘అధికార మనస్తత్వం’ గల మనిషిని వర్ణించింది. కఠినమైన పెంపకంలో పెరిగి, పైవారికి తలవంచి, ఆ అణచుకున్న కోపాన్ని క్రిందివారి మీద, పరాయివారి మీద చూపే మనిషి అతడు. అలాంటివారిని మనమందరం ఎరుగుదుము. ఆఫీసులలో ఎక్కువగా ఎరుగుదుము. అయితే థామస్ పెటిగ్రూ అనే పరిశోధకుడు 1958లో ఒక చిక్కు చూపాడు. జాతిద్వేషం ముమ్మరంగా ఉన్న దక్షిణాఫ్రికాలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ ఆ ‘అధికార మనస్తత్వం’ మిగిలిన చోట్ల కంటె చెప్పుకోదగినంత ఎక్కువగా లేదు. ఊరంతా ఏమంటే అదే అనడం, నలుగురితో పాటు నారాయణా అనడం, అక్కడ ద్వేషానికి ఎక్కువ కారణం. సిరిసిల్ల దగ్గరి ఆ తల్లి మనవణ్ణి చూచి వెనక్కు జరిగినది మూర్తిమత్వ దోషం వల్ల కాదు. పొలిమేరలో ఊరు నిలబడి చూస్తున్నది.

గార్డన్ ఆల్పోర్ట్ 1954లో పూర్వాగ్రహం మీద వ్రాసిన గ్రంథంలో ఈ విషయాన్ని మొదటినుండి విప్పాడు. మనస్సు వస్తువులను గుంపులుగా చేయనిదే ఒక్క క్షణం పనిచేయలేదు. ఇది పాము, ఇది త్రాడు అని వేరు చేయలేనివాడు బ్రతకలేడు. సామాన్యమైన ఆ శక్తే మనుషుల మీద ప్రయోగించినప్పుడు ‘వాళ్ళంతా అంతే’ అవుతుంది. నేను సిరిసిల్ల పేరు విని చేసినదీ అదే. నా ఊహవలన ఆయనకు కీడు జరగలేదు, అంతే తేడా.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ 1970 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు చదివినప్పుడు నాకు కొంచెం భయమేసింది. తాజ్‌ఫెల్ పోలండులో పుట్టిన యూదు. రెండవ ప్రపంచయుద్ధంలో ఖైదీగా ఉండి బయటపడేసరికి తన కుటుంబంలో దాదాపు ఎవరూ మిగలలేదు. అలాంటివాడు మనుషులు ‘మేము’, ‘మీరు’ అని విడిపోవడానికి కనీసం ఎంత కారణం కావాలో తెలుసుకోదలచాడు. బడిపిల్లలకు ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపి, ఏవి నచ్చాయని అడిగి, ఆ నెపంతో రెండు జట్లుగా చేశాడు. ఎవరు ఏ జట్టులో ఉన్నారో పిల్లలకు తెలియదు. తమ జట్టు ఏదో మాత్రమే తెలుసు. ముఖాముఖి లేదు, పాత పగలు లేవు, తమకు లాభమూ లేదు. అయినా డబ్బు పంచమన్నప్పుడు తమ జట్టువారికి ఎక్కువ ఇచ్చారు. అంతటితో ఆగితే సరే. తమ జట్టుకు వచ్చే మొత్తం తగ్గినా ఫరవాలేదు, అవతలి జట్టుతో తేడా ఎక్కువగా ఉండాలని చూచినవారు కూడా అందులో ఉన్నారు. బొమ్మల మీది ఇష్టమే ఇంత పని చేస్తే, భాష, కులం, మతం ఎంత పని చేస్తాయో ఊహించుకోవచ్చు. 1990 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన మత కల్లోలాన్ని ఆధారం చేసుకొని సుధీర్ కాకర్ 1996లో ఒక గ్రంథమే వ్రాశాడు.

కిమ్ గురించి మరొక్క విషయం చెప్పక తప్పదు. 2021 జనవరి 19 తెల్లవారుజామున కిమ్–మాండవి రహదారి ప్రక్కన నిద్రిస్తున్న కూలీల మీదికి ఒక లారీ దూసుకుపోయింది. పదిహేనుమంది చనిపోయారు. చాలావరకు రాజస్థాన్‌లోని బాంస్‌వాడా ప్రాంతం నుండి వచ్చినవారు. ఆ మాట బండిలో వచ్చినప్పుడు మరొక ప్రయాణికుడు హిందీలో, “రోడ్డు ప్రక్కన ఎవరు పడుకోమన్నారు? వాళ్ళు అంతే” అన్నాడు. క్రూరుడు కాడాయన, అంతకు ముందే తన అరటిపండ్లు మా అందరికీ పంచాడు. మెల్విన్ లర్నర్ అనే మనస్తత్వవేత్త 1960లలో ఇలాంటి మాటల మూలం వెదికాడు. ఒక స్త్రీకి విద్యుత్తు దెబ్బలు తగులుతున్నట్లు నటింపజేసి కొందరికి చూపాడు. ఆపడానికి అవకాశం ఉన్నవారు ఆపమన్నారు. ఆపే అవకాశం లేనివారిలో పలువురు కొంతసేపటికి ఆమెనే చులకనగా తలచసాగారు. లోకం న్యాయంగా నడుస్తున్నదని నమ్మాలన్న కోరిక మనలో అంత బలమైనది. నిష్కారణంగా ఒకరికి కీడు జరిగిందంటే రేపు మనకూ జరగవచ్చు. అందుచేత వాళ్ళేదో తప్పు చేశారని అనుకుంటే మనకు నిద్ర పడుతుంది. ‘గత జన్మలో చేసుకున్నది’ అని మనం నిట్టూర్చినప్పుడు కూడా దానిలో కొంత జాలి, కొంత ఈ నిద్రమందు ఉంటాయేమో.

మనిషి చేసే పనికి అతని స్వభావమే కారణమనుకొని, పరిస్థితిని మరచిపోవడం మనకు సహజం. దీనిని లీ రాస్ 1977లో ఆపాదనలోని మౌలికమైన పొరపాటుగా పేర్కొన్నాడు. దీనికి సూరత్ కంటె మంచి పాఠశాల నాకు కనబడదు. ప్లేగు నాడు ‘మురికి మనుషులు’ అన్నారు గదా, మురికి నిజంగా ఎక్కడ ఉండెను? మనుషులలోనా, ఎత్తని చెత్తకుప్పలలోనా, వరద నీటితో నిండిన కాలువలలోనా? 1995లో సూర్యదేవర రామచంద్రరావు అనే అధికారి సూరత్ నగరపాలక కమిషనరుగా వచ్చాడు. నగరాన్ని మండలాలుగా విభజించి, వాటి అధిపతులకు అధికారాలు అప్పగించి, అధికారులు రోజూ వీధులలో తిరగాలని కట్టడి చేశాడు. చల్లని గదుల నుండి దైనందిన పనులలోనికి అనే అర్థంలో ‘ఏ.సి. నుండి డి.సి.కి’ అని దానికి పేరు పెట్టాడు. వీధులు రాత్రివేళ ఊడ్పించాడు. చెత్త ఎత్తించాడు, శుభ్రత పాటించని హోటళ్ళకు జరిమానాలు వేశాడు. 1996లో ఒక జాతీయ సంస్థ పరిశీలనలో సూరత్ దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్రమైన నగరంగా నిలిచింది. మనుషులను మార్చలేదు. అదే ఒడియా కూలీలు, అదే మరాఠీలు, అదే మన నేతపనివారు. మారినది కాలువ. ఆ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చిందన్న సంగతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఎందరికి తెలుసు?

పూర్వాగ్రహానికి మందేమిటని అడిగినవారికి ఆల్పోర్ట్ ఇచ్చిన సలహా సులభంగా కనబడుతుంది: కలిసి పనిచేయనివ్వండి. అయితే ఆయన షరతులు పెట్టాడు. సమాన స్థాయి ఉండాలి, గురి ఒకటి కావాలి, ఒకరి సాయం ఒకరికి అవసరం కావాలి, పైవారి మద్దతు ఉండాలి. పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో అయిదు వందలకు పైగా పరిశోధనలను కూడబెట్టి చూడగా, పరిచయం పెరిగినకొద్దీ ద్వేషం సాధారణంగా తగ్గుతుందనే తేలింది. షరతులన్నీ లేకపోయినా కొంత తగ్గుతుంది. ఉంటే ఎక్కువ తగ్గుతుంది. కేవలం ఎదురెదురుగా కూర్చోవడం చాలదు. మేము ముగ్గురం ఆ బండిలో మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా కూర్చున్నాము.

అందుకే పెద్దాయనను అడిగాను, మీ షెడ్డులో ఒడియావాళ్ళు లేరా అని. ఆయన ముఖం వెలిగింది. “ఎందుకు లేరు సారూ? నా పక్క సాంచాల మీద ఒక పిలగాడున్నడు. బంగారం అసొంటోడు. కరోనాల నాకు జరమొస్తే పది దినాలు వాడే గంజి కాసి పోసిండు. నా కొడుకు కూడ గట్ల చెయ్యడు.”

“మరి ఒడియావాళ్ళంతా అంతే అన్నారు కదా?”

“అయ్యో, వాడు వేరే సారూ.”

ఇది కూడా ఆల్పోర్ట్ చూచినదే. మంచివాడు ఒకడు కంచె దాటి లోపలికి వస్తే, కంచెను తీసివేయరు. ఒక చిన్న తలుపు తెరిచి అతనిని లోపలికి తీసుకొని మళ్ళీ మూస్తారు. ఆ ఒక్కడు మినహాయింపు అవుతాడు, సామాన్య సూత్రం పదిలంగా ఉంటుంది. పదిదినాల గంజి కూడా కంచెను పడగొట్టలేదా అని మొదట నాకు నిరుత్సాహం కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, రెండు మూడు తలుపులు పడిన కంచె ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమనిపిస్తున్నది. అలాంటి మినహాయింపులు పలువురు తటస్థపడినప్పుడే అభిప్రాయం కదులుతుంది. ఒక్కరు మహానుభావుడైతే అతడు ‘వేరే’. పదిమంది సామాన్యులైతే లెక్క మారవలసి వస్తుంది.

బండి కిమ్ చేరేసరికి చీకటి పడింది. ఒడియా యువకుడు మూట భుజాన వేసుకొని మా ముందు దిగిపోయాడు. నేను అతని వైపు చూచి నవ్వబోయాను, అతడు చూడలేదు. స్టేషను బయట పెద్దాయన కొరకు ఒక కుర్రవాడు మోటారుసైకిలుతో నిలబడి ఉన్నాడు. పెద్దాయన తన సంచి తీసి అతని చేతికిచ్చి, వెనుక ఎక్కి కూర్చుని, విరిగిన ఒడియాలో ఏదో అన్నాడు. కుర్రవాడు నవ్వాడు. బండి కదలబోతుండగా పెద్దాయన నా వంక తిరిగి అడిగాడు:

“గింత సేపు మాట్లాడుకున్నం గని, ఇంతకు మీరు ఏమోళ్ళు సారూ?”